కొమ్ములో పెట్టిన పెండ

(హైదరాబాద్‌లో మిద్దెతోటల వాళ్ళం కలుసుకున్న ఒక ఆదివారం, బయోడైనమిక్ సేద్యం గురించి చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకు వినబడుతోందా? సరే.

మృగశిర కార్తె వచ్చి నాలుగు రోజులైంది. మొన్న నాంపల్లి వైపు వెళ్ళినవాళ్ళకు ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదం, బయట రోడ్డంతా జనం. నేను ఆటోలో గంటన్నర ఇరుక్కుపోయాను. అలా కూర్చుని ఉంటే ఒక తేదీ గుర్తొచ్చింది. 1924 జూన్ 7. మనకు అటూ ఇటుగా మృగశిర ప్రవేశించే రోజే. ఆ రోజు కోబర్‌విట్జ్ అనే ఊళ్ళో, ఒక జమీందారు గారి బంగళాలో, రుడాల్ఫ్ స్టైనర్ అనే ఆస్ట్రియా దేశపు తాత్త్వికుడు రైతుల ముందు మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆ ఊరు అప్పుడు జర్మనీలో ఉండేది, ఇప్పుడు పోలండ్‌లో ఉంది. విన్నవాళ్ళు వంద మందికి పైచిలుకు. మొత్తం ఎనిమిది ఉపన్యాసాలు, జూన్ 16కి అయిపోయాయి. మరుసటి మార్చిలో ఆయనా పోయాడు. ఇవాళ బయోడైనమిక్ సేద్యం అని మనం చెప్పుకునేదంతా ఆ పది రోజుల మాటల మీద లేచిన ఇల్లు. ఆ పేరు కూడా ఆయన పెట్టింది కాదు, తర్వాత శిష్యులు పెట్టుకున్నారు.

వాళ్ళు ఆయన్ని ఎందుకు పిలిచారంటే, పొలాలు పాడవుతున్నాయని. విత్తనంలో జవ తగ్గింది, పశువులకు రోగాలు పెరిగాయి, ఒకసారి వేస్తే ఏళ్ళ తరబడి నిలిచే లూసర్న్ గడ్డి తొందరగా చచ్చిపోతోంది. గాలిలోని నత్రజనిని పట్టి అమ్మోనియా చేసే ఫ్యాక్టరీ జర్మనీలో 1913లో మొదలైంది. యుద్ధంలో అలాంటి ఫ్యాక్టరీలు పేలుడు మందుకు పనిచేశాయి, యుద్ధం అయ్యాక ఎరువు బస్తాల వైపు తిరిగాయి. మన దగ్గర 1960ల తర్వాత వచ్చిన గొడవ వాళ్ళకు నలభై ఏళ్ళ ముందే వచ్చిందన్నమాట.

ఈ స్టైనర్‌కి మన తెలుగునేలతో ఒక చిత్రమైన సంబంధం ఉంది. ఆయన మొదట థియోసాఫికల్ సొసైటీ అనే ఆధ్యాత్మిక సంఘం మనిషి. 1902 నుంచి జర్మనీ శాఖను నడిపాడు. తర్వాత ఆ సొసైటీ అధ్యక్షురాలు అనీబిసెంట్ గారు ఒక తెలుగు కుర్రవాణ్ణి చూపించి, రాబోయే జగద్గురువు ఇతనే అన్నారు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గారు. స్టైనర్‌కి అది మింగుడు పడలేదు. ఆ తగాదాలోనే 1912-13లో బయటికొచ్చి ఆంత్రోపోసఫీ అని తన సొంత దారి పెట్టుకున్నాడు. తమాషా ఏంటంటే, ఆ కుర్రవాడే పెద్దయ్యాక, 1929లో, నాకు ఈ పీఠమూ వద్దు, శిష్యులూ వద్దని తన పేరుమీద నడుస్తున్న సంఘాన్ని రద్దు చేసేశాడు. (నవ్వులు) స్టైనర్ అప్పటికి బతికి ఉంటే ఏమనేవాడో.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, బయోడైనమిక్ గురించి మాట్లాడగానే మనవాళ్ళు ఒక మాట అంటారు. "ఇదంతా మన దగ్గర ఎప్పుడో ఉందండీ, మన దగ్గరే నేర్చుకుని మనకే అమ్ముతున్నారు" అని. సగం నిజమే. ఆయన మనిషికి నాలుగు శరీరాలు చెబుతాడు. కంటికి కనిపించే దేహం, దాన్ని బతికించే ప్రాణశక్తి, సుఖదుఃఖాలు తెలిసేది ఒకటి, 'నేను' అనేది ఒకటి. రాయికి మొదటిదే ఉంది, మొక్కకు రెండు, పశువుకు మూడు, మనిషికి నాలుగు. వినగానే మనకు తైత్తిరీయ ఉపనిషత్తులోని కోశాలు గుర్తొస్తాయి, అన్నమయం, ప్రాణమయం, మనోమయం అని. థియోసఫీ ద్వారా ఆ గాలి ఆయనకు తగలలేదని ఎవరూ అనరు. కానీ మన పెద్దలు ఆ కోశాలను చెప్పింది లోపలికి చూసుకోవడానికి. పెంటకుప్పకు ఏం కలపాలో చెప్పడానికి కాదు. ఆ రెండో పని ఈయన చేశాడు. కాబట్టి 'అంతా మనదే' అని చంకలు గుద్దుకుంటే అక్కడితో ఆగిపోతాం, ఆయన ఏమన్నాడో వినం.

ఆయన అన్నదాంట్లో నేను పట్టుకున్నది ఒక్కటే. పొలం ఒక జీవి. ఉపమానానికి అన్నది కాదు, నిజంగానే అలా అనుకున్నాడు. దానికి ఒక లోపల, ఒక బయట ఉంటాయి. దాని పశువులు దాని గడ్డి తింటాయి, వాటి పేడ దాని మట్టికే పోతుంది, విత్తనం దాని పంట నుంచే వస్తుంది. బయటి నుంచి ఎరువు కొన్నావంటే, అది ఒంట్లో బాగాలేనివాడికి వేసే మందు లాంటిది అంటాడు. అప్పుడప్పుడు తప్పదు, రోజూ అదే తిండి కాకూడదు. ఈ మాట ఇంగ్లండ్‌లో నార్త్‌బోర్న్ ప్రభువు చెవిన పడి, ఆయన 1940లో తన పుస్తకంలో ఆర్గానిక్ ఫార్మింగ్ అన్నాడు. ఇవాళ సూపర్‌మార్కెట్లో ఆర్గానిక్ అని రాసి ఉన్న ప్యాకెట్ చూసి మందు కొట్టనిది అనుకుంటాం. ఆ మాట పుట్టినప్పుడు దానర్థం వేరు, పొలం ఒక ఆర్గనిజం అని.

ఇప్పుడు కొమ్ము సంగతి. మీలో చాలామంది దీనికోసమే వచ్చారని తెలుసు.

కొమ్ములో పేడ పెట్టి చేసే ఈ మందును 500 అంటారు. ఆ అంకెకు మంత్రమేమీ లేదు, తర్వాతివాళ్ళు పెట్టుకున్న నంబరు. పాడి ఆవు పేడ తాజాది తెచ్చి, ఆవు కొమ్ములో కూరి, చలికాలమంతా మట్టిలో పాతిపెట్టాలి. తీసేసరికి పచ్చటి పేడ నల్లగా, మెత్తగా, తొలివాన మట్టి వాసనతో ఉంటుంది. ఎకరానికి పాతిక ముప్ఫై గ్రాములు, పదమూడు పదిహేను లీటర్ల నీళ్ళలో గంటసేపు తిప్పాలి. ఒకవైపు తిప్పి నడుమ లోతుగా సుడి పడ్డాక, టక్కున ఆపి రెండోవైపు. మళ్ళీ సుడి, మళ్ళీ ఎదురు. సాయంత్రం పూట నేలమీద చల్లాలి. ఇంకోటి 501. అది చెకుముకి లాంటి స్ఫటికపు రాయి పొడి, కొమ్ములోనే పెట్టి ఎండాకాలం పాతాలి. ఎకరానికి ఒక గ్రాము చాలు, పొద్దు పొడిచేటప్పుడు ఆకుల మీద పొగమంచులా పడాలి. ఒకటి వేరుకు, మట్టికి. ఒకటి వెలుతురుకు, ఆకుకు.

కొమ్మే ఎందుకు? స్టైనర్ జవాబు ఇది. జింక కొమ్ములు బయటికి చాపిన చేతులు, లోపలి శక్తిని బయట పారేస్తాయి. ఆవు కొమ్ము గోడలాంటిది, శక్తిని లోపలికి, జీర్ణానికి తిప్పి పంపుతుంది. సైన్స్ ఒప్పుకునే మాట కాదు. కానీ ఆవు కొమ్ము గోరులాంటి చచ్చిన వస్తువు కాదు, లోపల ఎముక, నెత్తురు ఉంటాయి, కోస్తే ఆవుకు నొప్పి. అందుకే డిమీటర్ అనే బయోడైనమిక్ సర్టిఫికెట్ ముద్ర ఉన్న పొలాల్లో ఆవుల కొమ్ములు తీయడం నిషేధం. 2018 నవంబర్‌లో స్విట్జర్లాండ్‌లో, కొమ్ములు ఉంచిన రైతుకు సబ్సిడీ ఇవ్వాలా అని దేశమంతా ఓటింగ్ పెట్టారు. ఓడిపోయిందనుకోండి. అయినా ఆవు కొమ్ముల మీద ఒక దేశం ఓటేసింది చూశారా!

నేను మొదటిసారి కొమ్ములు పాతింది చేవెళ్ళ అవతల మా రెండెకరాల చెల్క నేలలో. కొమ్ములు ఎక్కడ దొరుకుతాయి? గోశాలకు వెళ్ళి అడిగితే నన్ను నేరస్తుణ్ణి చూసినట్టు చూశారు. చివరికి మా పక్క ఊళ్ళో ఒక మాదిగ పెద్దాయన దగ్గర దొరికాయి. ఆయన చిన్నప్పుడు వాళ్ళ ఇంటి పనే అది, చచ్చిన గొడ్డును ఊరవతలకు తీసుకుపోయి తోలు తీయడం. నేను అంతకుముందే ఎక్కడో ఏరి తెచ్చుకున్న కొమ్ముల సంచీ ఆయన ముందు గుమ్మరించాను. ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని పక్కన పడేస్తూ, "గిది ఎద్దుది సారూ. గిదీ ఎద్దుదే. ఆవుదైతే మొదట్ల గాట్లుంటయి, ఈతకొక గాటు" అన్నాడు. నా సంచీలో సగం ఎద్దు కొమ్ములే. ఆ గాట్ల సంగతి తర్వాత ఇంగ్లీషు పుస్తకంలో చదివాను, ఈనిన ఆవు కొమ్మే వాడాలి, వలయాలు చూసి గుర్తుపట్టాలి అని. కొమ్ములోంచి ఎముక ఊడి రావాలంటే ఎన్నాళ్ళు మగ్గబెట్టాలో ఆయన చెప్పినంత వివరంగా ఆ పుస్తకంలో లేదు.

ఇక్కడ నాకు ఒక ముల్లు గుచ్చుకుంది. ఆవు పేగు, పేగులను పట్టి ఉంచే మెసెంటరీ పొర, పశువు పుర్రె, మగ జింక మూత్రాశయం. ఇవన్నీ బయోడైనమిక్ మందులకు కావాలి. చామంతి జాతి పూలు పేగులో, ఓక్ బెరడు పుర్రెలో, డాండెలియన్ పూలు ఆ పొరలో, యారో పూలు జింక మూత్రాశయంలో. యూరప్ నుంచి వచ్చి ఒక మనిషి చెబితే ఇది ఆధ్యాత్మికం. ఇదే పేగు, ఇదే పుర్రె, ఇదే కొమ్ము ముట్టుకున్న మనుషులను మనం ఊరవతల ఉంచాం. బావి దగ్గరికి రానివ్వలేదు. ఈ పని చేసే ఏ సంఘమైనా, ఏ ట్రస్టయినా, ఆ జ్ఞానం ఉన్న ఇళ్ళకు వెళ్ళి నేర్చుకుని, దానికి తగిన డబ్బిచ్చి చేస్తేనే నేను గౌరవిస్తాను.

ఆ ఏడు పాతిన కొమ్ముల్లో కొన్ని పందికొక్కులు తవ్వుకుపోయాయి. మిగిలినవాటిలో కొన్ని పచ్చిపచ్చిగానే ఉన్నాయి. తప్పు నాదే. యూరప్‌లో సెప్టెంబర్ 29 మైకేల్ పండుగ నుంచి ఈస్టర్ దాకా పాతిపెడతారు, మంచు కప్పుకున్న నేల లోపల చాలా మెలకువగా ఉంటుందని స్టైనర్ మాట. నేను ఆలస్యం చేసి డిసెంబర్‌లో పాతాను. అప్పటికి చెల్కలో తడి ఎక్కడుంది? మన దగ్గర నేలకు మంచు నిద్ర లేదు. మన నేల నిద్రపోయేది రోహిణిలో, రోళ్ళు పగిలేటప్పుడు. మెలకువగా ఉండేది వానాకాలంలో. అందుకే ఇప్పుడు బతుకమ్మ రోజుల్లో, తంగేడు గునుగు పూసి ఉన్నప్పుడు, మట్టిలో పదును ఉండగానే పాతేసి ఉగాది లోపల తీస్తున్నాను. బాగా మాగుతోంది.

సరే, ఇది పనిచేస్తుందా? మీరు మర్యాదకు అడగరు కానీ అందరి మొహాల్లో అదే ఉంది.

లెక్క వేద్దాం. ఒక ఎకరంలో పైన అరడుగు మట్టి బరువు సుమారు 900 టన్నులు. దాని మీద మనం చల్లేది పాతిక గ్రాములు. చదరపు మీటరుకు ఆరు మిల్లీగ్రాములు. ఎరువుగా అయితే అది లెక్కలోకే రాదు. సూక్ష్మజీవుల తోడు అనుకుందాం, పాలకు పెరుగు తోడు వేసినట్టు. పాలల్లో తోడు నిలబడటానికి పాలు కాచి చల్లార్చాం కనక. మట్టిలో అప్పటికే కోట్ల జీవులు కూర్చుని ఉన్నాయి, కొత్తవాటికి చోటివ్వవు. స్విట్జర్లాండ్‌లో థెర్విల్ అనే చోట 1978 నుంచి ఒక ప్రయోగం నడుస్తోంది. రసాయన సేద్యం, ఆర్గానిక్, బయోడైనమిక్ పక్కపక్కనే. 21 ఏళ్ళ లెక్క 2002లో అచ్చయింది. రెండు సేంద్రియ పద్ధతుల్లోనూ దిగుబడి సగటున 20 శాతం తక్కువ, కానీ పురుగుమందులు 97 శాతం తక్కువ, ఎరువులు, ఇంధనం మూడోవంతు నుంచి సగం దాకా తక్కువ. మట్టిలో జీవం బయోడైనమిక్ మడుల్లో బాగుంది. ఇది చూపించి 'చూశారా కొమ్ము మహిమ' అనేవాళ్ళున్నారు. అక్కడ కంపోస్టు చేసే తీరు కూడా వేరండీ. కొమ్ముకు ఆ పేరు కట్టబెట్టలేం. నేనూ ఇంటి మీద రెండు మడుల్లో తోటకూర వేసి చూశాను, ఒకదానికి 500, ఇంకోదానికి ఉత్త నీళ్ళు. తేడా కనిపించింది, గంతులేశాను. వారం తర్వాత తెలిసింది, మా ఆవిడ బియ్యం కడిగిన నీళ్ళు రోజూ దగ్గరున్న మడికే పోస్తోందని. (నవ్వులు) నా ప్రయోగం అంతటితో సమాప్తం.

స్టైనర్ కూడా ఊరికే నమ్మమనలేదు. రైతులతో ఒక ప్రయోగ బృందం పెట్టించి, ముందు మీ పొలాల్లో చేసి చూడండి, తర్వాతే లోకానికి చెప్పండి అన్నాడు. ఆ రెండో మాటను శిష్యులు అంత పట్టించుకోలేదనుకుంటాను. ఇంకోటి కూడా దాచకూడదు. నాజీల కాలంలో ఈ ఉద్యమంలో కొందరు వాళ్ళతో చేతులు కలిపారు. 1941లో బయోడైనమిక్ వాళ్ళ సంఘాన్ని నాజీ ప్రభుత్వమే రద్దు చేసింది, అయినా డాహౌ నిర్బంధ శిబిరంలో నాజీల ఎస్‌ఎస్ దళం వాళ్ళు ఖైదీల చేత చేయించిన మూలికల తోట ఈ పద్ధతిలోనే నడిచింది. మట్టిని ప్రేమించేవాడు మనిషిని కూడా ప్రేమిస్తాడని గ్యారంటీ ఏం లేదు.

చంద్రుడి దగ్గరికి వద్దాం, టైం అవుతోంది. ఇక్కడ చాలామంది పౌర్ణమి, అమావాస్య అని పొరబడతారు. పెరిగే చంద్రుడు, తరిగే చంద్రుడు వేరు. బయోడైనమిక్‌లో ముఖ్యమైనది చంద్రుడు ఎక్కడం, దిగడం. సూర్యుడికి ఏడాదికి ఉత్తరాయణం, దక్షిణాయనం ఉన్నట్టు, చంద్రుడికి 27 రోజుల పైచిలుకులో రెండూ అయిపోతాయి. దిగేటప్పుడు నాట్లు, కంపోస్టు, 500. ఎక్కేటప్పుడు 501, కోతలు. దాని మీద మరియా థున్ అనే జర్మన్ ఆవిడ 1960ల నుంచి ఏటా క్యాలెండర్ వేసింది. చంద్రుడు వృషభం, కన్య, మకరంలో ఉంటే వేరు రోజు, ముల్లంగి వేయి. కర్కాటకం, వృశ్చికం, మీనంలో ఆకు రోజు, పాలకూర వేయి. మిథునం, తుల, కుంభం పూలకు. మేషం, సింహం, ధనుస్సు కాయకు. విశేషమేమిటంటే, అక్కడి పేపర్లలో వచ్చే రాశిఫలాల్లా కాకుండా ఆవిడ ఆకాశంలో కనిపించే చుక్కల్నే పట్టుకుంది. కాబట్టి మన పంచాంగానికి దగ్గర. కాకపోతే మన రాశులన్నీ ముప్ఫై డిగ్రీలు, సమానం. ఆవిడ కన్య పెద్దది, కర్కాటకం చిన్నది. అందుకని పంచాంగం చూసి ఆకు రోజు అనుకుని విత్తితే ఆవిడ ప్రకారం అది ఆకు రోజు కాకపోవచ్చు. తర్వాత జర్మనీలో బయోడైనమిక్ పరిశోధకులే ఏళ్ళ తరబడి విత్తి చూస్తే ఆ రాశుల తేడాలు నిలవలేదు.

మా అమ్మకు ఇవేవీ తెలియవు. కార్తెలు తెలుసు. మృగశిర కురిస్తే ముసలెద్దు కూడా రంకె వేస్తుంది అనేది. కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులు. అంటే పేరు నక్షత్రానిది గానీ నిజానికి అది తేదీ. ఆ తేదీకి రుతుపవనం వస్తుందా, ఆగుతుందా అని తరతరాలుగా చూసి సామెత కట్టారు. వానకు, సూర్యుడికి సంబంధం ఉంది కనక అది నిలబడింది. కార్తె, థున్ క్యాలెండర్ రెండూ చుక్కల లెక్కే కదా అని ఒక గాటన కట్టొద్దు. అన్నట్టు, ఇటువంటి పాత వ్యవసాయ గ్రంథాలు చదవాలనుకుంటే దూరం పోనక్కర్లేదు. ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థలో పనిచేసిన శాస్త్రవేత్త వై.ఎల్. నేనే గారు (నేనే అన్నది ఆయన ఇంటిపేరు) 1994లో సికింద్రాబాద్‌లోనే ఏషియన్ అగ్రి హిస్టరీ ఫౌండేషన్ పెట్టి, సురపాలుడి వృక్షాయుర్వేదం, కృషి పరాశరం ఇంగ్లీషులో వేయించారు. అందులో కుణపజలం చూడండి. చేపలు, మాంసం కుళ్ళబెట్టి చేసే ద్రవ ఎరువు. శాకాహార ఆధ్యాత్మికులకు కొంచెం కష్టం.

ఇక మన మిద్దెల సంగతి. నాకు మీలో చాలామంది ఫోన్ చేసి అడిగేది, 500 ప్యాకెట్ ఆన్‌లైన్‌లో ఏది మంచిది అని. నా జవాబు ఎవరికీ నచ్చదు. కొరియర్‌లో వచ్చిన 500ని మీ మిద్దె మీద చల్లితే, మందు ఉంది, బయోడైనమిక్ లేదు. జీవి అన్నాం కదా, దాని లోపల ఏముంది? మన కూరగాయ తొక్కలు, ఎండిన ఆకులు చెత్త బండెక్కి జవహర్‌నగర్ గుట్టకు పోతాయి. మనమేమో పొల్లాచ్చి నుంచి కోకోపీట్ అనే కొబ్బరి పొట్టు, ఇంకెక్కణ్ణుంచో వర్మీ కంపోస్టు, కొడైకెనాల్ నుంచి కొమ్ము ఎరువు తెప్పించుకుంటాం. స్టైనర్ చూస్తే, మీ తోట ఐసీయూలో ఉందంటాడు. నేను అందరితో ఒక ఏడాది ఒక్క నోటుబుక్కు పెట్టించాలనుకుంటున్నాను. గేటు దాటి లోపలికి ఏమొచ్చింది, బయటికి ఏం పోయింది. అంతే. 500 సంగతి రెండో ఏడు చూద్దాం.

అలాగని ఇది చిన్న తోటల సరదా మాత్రమే కాదు. అరకులో ఆదివాసీ రైతుల కాఫీ తోటలు చూడండి. మన హైదరాబాద్‌లోని నాంది ఫౌండేషన్ అక్కడ బయోడైనమిక్ పద్ధతులతోనే పనిచేసింది. ఆ కాఫీకి 2017లో పారిస్‌లో దుకాణం తెరిచారు. రైతులు గుంపులుగా కూర్చుని కంపోస్టు కుప్పలు వేయడం, నీడ చెట్లు పెంచడం, పండిన పండే కోయడం, ఇవన్నీ కలిసి ఆ రుచి వచ్చింది. అందులో కొమ్ము వాటా ఎంత అని నన్నడగొద్దు.

ప్రశ్నలు రెండే తీసుకుంటాను. చెప్పండమ్మా.

ఆహా, జీవామృతం చేస్తున్నాను, మళ్ళీ ఇది అవసరమా అంటున్నారు. అక్కర్లేదమ్మా. ప్రకృతి సేద్యం చెప్పే సుభాష్ పాలేకర్ గారి పద్ధతిలో పది కిలోల పేడ, మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుపిండి, గుప్పెడు మట్టి, రెండు వందల లీటర్ల నీళ్ళు. అది చక్కెర తిన్న సూక్ష్మజీవుల పని, దాని దారి వేరు. ఆయనకు బయోడైనమిక్ అంటే గిట్టదు కూడా. మీకు కుదిరింది చేస్తున్నారు, మానొద్దు. పేడ ఏ ఆవుదో, ఆ ఆవు ఏం తిందో మాత్రం కనుక్కోండి. మన వీధుల్లో ఆవులు తినే తిండి మీకు తెలుసు, ప్లాస్టిక్ కవర్లు ఏరుకోవాల్సి వస్తుంది.

బాబూ, మీరు? అపార్ట్‌మెంట్ మిద్దె మీద కొమ్ము కుండీలో పాతొచ్చా? పాతొచ్చు, పెద్ద డ్రమ్ము అయితే. కుండీ ఎండిపోతే లోపలి పేడ ఎండి పిడకవుతుంది, తడి చూసుకోవాలి. అసలైతే బతుకమ్మ మొదలయ్యే వారం మా చేవెళ్ళకు రండి, మీ కొమ్ములు మా చెల్కలో పాతేద్దాం. ఎవరి కొమ్ము మీద వాళ్ళ పేరు సుద్దతో కాదు, మేకుతో గీసి తెచ్చుకోండి, సుద్ద నిలవదు. ఆ పెద్దాయన కూడా వస్తానన్నాడు. ఎద్దు కొమ్ములు తెచ్చినవాళ్ళను వెనక్కి పంపిస్తాడు, నాకు చెప్పి లాభం లేదు.